చివరి దశ రోగులకు ఇంటి వద్దే ఉపశమనం.. ఇల్లే లేని వారి మాటేమిటి?

న్యూఢిల్లీ: వ్యాధి ఇక నయం కాదని వైద్యులు తేల్చిచెప్పిన తర్వాత రోగిని ఇంటికి తీసుకెళ్లడం ఆనవాయితీ. దేశ రాజధానిలో ఆ ఇల్లే లేని రోగులున్నారు. బిహార్, ఉత్తరప్రదేశ్ తదితర రాష్ట్రాల నుంచి ఎయిమ్స్‌కు వచ్చే నిరుపేదలు ఆసుపత్రి పరిసరాల్లోని కాలిబాటలపైన, రాత్రి బస కేంద్రాల్లోను తలదాచుకోవడం ఏళ్లుగా కనిపిస్తున్నదే.

నొప్పిని, ఆయాసాన్ని, మనోవేదనను తగ్గించి చివరి రోజులు గౌరవంగా గడిచేలా చూడటం హాస్పిస్ సేవల లక్ష్యం. దేశంలో తొలి హాస్పిస్ అయిన శాంతి అవేద్నా సదన్ 1986లో ముంబయిలో ప్రారంభమైంది. ఢిల్లీలోనూ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి సమీపంలో ఆ సంస్థ ముదిరిన క్యాన్సర్ రోగులను ఉచితంగా చేర్చుకుంటోంది. క్యాన్సర్‌ను జయించిన హర్మలా గుప్తా 1996లో స్థాపించిన క్యాన్‌సపోర్ట్‌ది వేరే మార్గం. వైద్యులు, నర్సులు, కౌన్సెలర్లతో కూడిన దాని బృందాలు ఢిల్లీ ఎన్‌సీఆర్‌లో రోగుల ఇళ్లకే వెళ్లి ఉచితంగా సేవలందిస్తున్నాయి.

ఇంటి వద్ద సేవలకు ఖర్చు తక్కువ; అయినవారి మధ్య ఉన్నామన్న ఊరటా ఉంటుంది. అయితే మంచం పట్టేంత చోటు, వేళకు మందు ఇచ్చే మనిషి ఉన్నప్పుడే అది సాధ్యం. దినసరి కూలీ కుటుంబంలో ఒకరు రోగి పక్కన కూర్చుంటే ఆ రోజు కూలి పోయినట్టే. సేవ ఉచితమైనా భారం మాత్రం తప్పదు. ఒంటరి వృద్ధులకు, నిరాశ్రయులకు పడకలున్న హాస్పిస్ తప్ప వేరే దారి లేదు.

మార్ఫిన్‌ది మరో చిక్కు. తీవ్రమైన నొప్పికి వాడే ఈ మాత్ర ఖరీదైనదేమీ కాదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద పలు లైసెన్సులు అవసరం కావడంతో చాలా ఆసుపత్రులు దాని జోలికే వెళ్లలేదు. 2014లో చట్టాన్ని సవరించి నిబంధనలను సులభతరం చేశారు. అయినా గుర్తింపు పొందిన వైద్య సంస్థల్లోనే అది లభిస్తుంది. ప్రపంచవ్యాప్తంగా ఉపశమన చికిత్స అవసరమైన వారిలో దాదాపు 14 శాతం మందికే అది అందుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఢిల్లీ నుంచి స్వస్థలానికి తిరిగి వెళ్లే రోగి విషయంలో ఈ లోటు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కేరళ 2008లోనే ఉపశమన చికిత్సకు ప్రత్యేక విధానం ప్రకటించి స్థానిక సంస్థలను భాగస్వాములను చేసింది. తెలంగాణలో జిల్లాల్లోని ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇందుకు కేంద్రాలు ఏర్పాటయ్యాయి. అలాంటి కేంద్రం దగ్గరలో లేని ఊళ్లో, వెంట తెచ్చుకున్న మాత్రలు నిండుకుంటే, ఇంట్లో ఒకరు మళ్లీ ఢిల్లీ రైలెక్కాల్సి వస్తుంది.