స అంటే నెమలి... దో అంటే జింక!

కంటికి కనిపించదు, చేతికి చిక్కదు. అలాంటి స్వరాన్ని పిల్లలకు పరిచయం చేయడం ఎలా? మన పెద్దలు నెమలినీ మేకనూ సాయం పిలిచారు. పడమటి వాళ్లు జింకనూ తేనీటినీ పిలిచారు. వెతికితే మన వంటింట్లోనూ వీధి చివరా కూడా సప్తస్వరాలు దొరుకుతాయి!

కుళాయి కింద బిందె పెట్టి ఇల్లాలు వంటింట్లోకి వెళుతుంది. పప్పులో పోపు వేస్తూనో, కూతురికి జడ అల్లుతూనో ఉంటుంది. ఉన్నట్టుండి 'ఒరేయ్ చిన్నా, బిందె నిండింది. కుళాయి కట్టెయ్' అని కేకేస్తుంది. ఆమె బయటికొచ్చి చూసింది లేదు. బిందె ఇంకా పొర్లిందీ లేదు. మరెలా తెలిసింది?

చెవి చెప్పింది! ఖాళీ బిందెలో పడేటప్పుడు బొంగురుగా మొదలైన నీళ్ల చప్పుడు, మట్టం పెరిగేకొద్దీ సన్నబడుతూ పైకి పోతుంది. నీటికీ బిందె మూతికీ మధ్య గాలి ఉండే చోటు తగ్గేకొద్దీ శ్రుతి హెచ్చుతుంది. పొడవాటి వేణువు కన్నా పొట్టి వేణువు హెచ్చు స్వరంలో పలకడానికీ కారణం ఇదే.

అదే ఇల్లాలిని ఓ పాట పాడమని అడగండి. 'నాకు సంగీతం రాదు బాబూ' అనేస్తుంది. నిజానికి కింది స్వరం ఏదో, పై స్వరం ఏదో, ఎంత పైకి వెళితే బిందె నిండినట్టో ఆమె చెవికి బాగా తెలుసు. తెలియనివి వాటి పేర్లే. ఆ పేర్లు పిల్లల నోటికి పట్టించడానికి ఒక్కో దేశంలో పెద్దలు ఒక్కో దారి వెతికారు. కానీ అందరూ ఆసరా చేసుకున్నది మాత్రం రోజూ కళ్లెదుట ఉండేవాటినే.

నెమలితో మొదలు

షడ్జమం, రిషభం, గాంధారం, మధ్యమం, పంచమం, ధైవతం, నిషాదం... ఇవీ ఏడు స్వరాల పూర్తి పేర్లు. ఇంత బరువైన పేర్లతో పాడలేం కాబట్టి స, రి, గ, మ, ప, ద, ని అని ముద్దుపేర్లు పెట్టుకున్నాం. పేర్లు కుదిరాయి. మరి పోలికో?

నారదీయ శిక్ష అనే ప్రాచీన గ్రంథం అందుకు ఊరినీ అడవినీ చూపిస్తుంది. నెమలి షడ్జమం పలుకుతుందట. ఆవులూ ఎడ్లూ వేసే రంకె రిషభం. మేకది గాంధారం. క్రౌంచ పక్షిది మధ్యమం. వసంతంలో కోకిల పంచమంలో కూస్తుంది. గుర్రం సకిలింపు ధైవతమైతే, ఏనుగు ఘీంకారం నిషాదం. ఏడు స్వరాలకు ఏడు ప్రాణులు!

13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల కొలువులో ఉన్న శార్ఙ్గదేవుడు 'సంగీత రత్నాకరం' రాశాడు. అందులో ఈ జాబితా కాస్త మారింది. రిషభం దగ్గర ఎద్దు పోయి చాతక పక్షి వచ్చింది. ధైవతం దగ్గర గుర్రం బదులు కప్ప చేరింది. అంటే ఈ పోలికలు రాతిమీద గీతలేమీ కావు. ఏ పోలిక చెబితే వినేవాడి చెవిలో స్వరం మెదులుతుందో అదే సరైన పోలిక.

కోకిల ఏ స్వరంలో కూస్తుంది?

'కోకిల పంచమ స్వరంలో కూసింది' అని మన కవులు వందల ఏళ్లుగా రాస్తూనే ఉన్నారు. మామిడి తోటలో నిలబడి శ్రద్ధగా వింటే ఓ సంగతి తెలుస్తుంది. మన కోకిల ఒక స్వరం దగ్గర నిలవదు. 'కుహూ' అంటూ కింది నుంచి పైకి జారుతుంది. మళ్లీ కూసినప్పుడు ఇంకాస్త పై నుంచి అందుకుంటుంది. అలా పెంచుకుంటూ పోయి ఠక్కున ఆపేస్తుంది. ఐరోపా కోకిల తీరే వేరు. దాని పిలుపులో మొదటి స్వరం పైన, రెండోది కింద ఉంటాయి.

అలాగని పెద్దలు అబద్ధం చెప్పినట్టా? కాదు. అసలు కిటుకు ఇక్కడే ఉంది. మన సంగీతంలో 'స'కు కట్టుబడిన చోటంటూ లేదు. గాయకుడు తన గొంతుకు వీలైన శ్రుతిని ఎంచుకుని దాన్నే 'స' అంటాడు. మిగతా ఆరూ దాన్ని బట్టి కూర్చుంటాయి. తండ్రి 'స' వేరు, కూతురి 'స' వేరు. ఇద్దరూ పాడేది మాత్రం ఒకే రాగం. కాబట్టి ఒంటరిగా కూసే ఏ పిట్టనూ 'ఇది పంచమం' అనలేం. పక్కన షడ్జమం వినిపిస్తుంటేనే అది పంచమం అవుతుంది. మామ, అత్త, బావ అన్న పిలుపుల్లాగే స్వరాల పేర్లు కూడా వరసలు. ఎవరికి ఎవరు ఏమవుతారన్నదే లెక్క!

పదేళ్ల చదువు ఏడాదిలో

మన గురువులు నెమలినీ ఏనుగునూ పిలిస్తే, ఇటలీలో ఒక సన్యాసి ప్రార్థన గీతాన్ని ఆసరా చేసుకున్నాడు. ఆయన పేరు గైడో. 11వ శతాబ్దంలో అరెజ్జో పట్టణంలో చర్చి గాయకులకు పాఠం చెప్పేవాడు. అప్పట్లో ప్రతి గీతాన్నీ గురువు నోటి నుంచి విని బట్టీ పట్టాల్సిందే. అందుకు ఏళ్లకేళ్లు పట్టేది.

యోహాను పేరిట ఉన్న ఓ లాటిన్ స్తుతిగీతంలో గైడోకు ఒక విశేషం కనిపించింది. అందులో ఒక్కో చరణఖండం ముందుదాని కన్నా ఒక మెట్టు పైన మొదలవుతుంది. ఆ మొదటి అక్షరాలను విడదీశాడు. ఉత్, రే, మి, ఫా, సోల్, లా... ఆరు స్వరాలకు ఆరు పేర్లు దొరికాయి. ఆ గీతం వస్తే చాలు, ఏ స్వరం ఎక్కడుందో గుర్తొచ్చేస్తుంది. పదేళ్లు పట్టే చదువును ఏడాదిలో, మహా అయితే రెండేళ్లలో పూర్తి చేయిస్తానని గైడో ఓ ఉత్తరంలో ధీమాగా రాసుకున్నాడు.

తర్వాతి కాలంలో 'సి' అనే ఏడో పేరు చేరింది. 'ఉత్' అంటూ నోరు మూసుకుపోతే పాట సాగదని 17వ శతాబ్దంలో ఇటలీ వాళ్లు దాన్ని 'దో' చేసుకున్నారు. 19వ శతాబ్దంలో ఇంగ్లండుకు చెందిన సారా గ్లోవర్ అనే ఉపాధ్యాయిని ఇంకో చిన్న మార్పు చేసింది. 'సోల్', 'సి' రెండూ ఒకే అక్షరంతో మొదలైతే పిల్లలు తికమక పడతారని 'సి'ని 'టి' చేసింది. ఆ ఒక్క అక్షరం వందేళ్ల తర్వాత ఓ పాటలోకి తేనీటిని తెచ్చింది!

'అర్థం లేదు కదా టీచర్?'

1959లో అమెరికాలో 'ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్' నాటకం వచ్చింది. 1965లో జూలీ ఆండ్రూస్‌తో సినిమాగా ప్రపంచమంతా తిరిగింది. ఏడుగురు పిల్లలు, పాటంటే ఏమిటో తెలియని ఇల్లు, కొత్తగా వచ్చిన పంతులమ్మ. రిచర్డ్ రోడ్జర్స్ బాణీ కట్టగా ఆస్కార్ హామర్‌స్టైన్ రాసిన 'దో రే మి' పాటలో ఆమె ఒక్కో స్వరానికీ ఒక్కో తెలిసిన సంగతి చూపిస్తుంది. దో అంటే ఆడ జింక. రే అంటే సూర్యకిరణం. మి అంటే నేను. ఫా అంటే దూరం. సో అంటే సూదీ దారంతో కుట్టడం. టి అంటే రొట్టెతో పాటు తాగే టీ. 'లా'కు మాత్రం ఇంగ్లిష్‌లో ఏ వస్తువూ కుదరలేదు. అది 'సో' తర్వాత వచ్చే స్వరమని చెప్పి రచయిత తెలివిగా దాటేశాడు!

మన సంగీతం క్లాసుల్లో సరళీ వరుసలు పాడీ పాడీ విసిగిన పిల్లలు 'పాట ఎప్పుడు నేర్పిస్తారు?' అని అడుగుతుంటారు. కొందరు అక్కడే మానేస్తారు కూడా. ఆ సినిమాలోనూ ఓ పిల్లకు అదే సందేహం. ఈ అక్షరాలకు అర్థమేమీ లేదు కదా అంటుంది. అప్పుడు పంతులమ్మ ఒక్కో స్వరానికి ఒక్కో మాట తగిలిస్తుంది. అంతే, అర్థం లేని అక్షరాలు పాటైపోతాయి.

ఈ పాట జపాన్ చేరేసరికి వస్తువులు మారిపోయాయి. అక్కడి గాయని పెగ్గీ హయామా 1960ల్లో చేసిన జపనీస్ పాటలో దో అంటే డోనట్, రే అంటే నిమ్మకాయ, సో అంటే నీలాకాశం. ఇంగ్లిష్‌కు కుదరని 'లా' జపనీస్‌లో చక్కగా బూర అయింది. 1972లో గుల్జార్ తీసిన హిందీ సినిమా 'పరిచయ్'లోనూ పంతులు పెంకి పిల్లలకు సరిగమలతోనే దగ్గరయ్యాడు.

శంకరాభరణంలో కలిశారు

దో రే మి ఎక్కడ, సరిగమ ఎక్కడ అనుకోనక్కర్లేదు. పడమటి వాళ్లు 'మేజర్ స్కేల్' అనే ఆ వరుసలోని స్వరాలనే మనం శంకరాభరణం అంటాం. 72 మేళకర్తల్లో అది 29వది. ముత్తుస్వామి దీక్షితార్ (1775-1835) తెల్లవాళ్ల బ్యాండు బాణీలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కూర్చారు. అలాంటివి దాదాపు 40 ఉన్నాయి. అప్పటి బ్రిటిష్ జాతీయ గీతం బాణీ కూడా అందులో ఉంది. వాటికి 'నోట్టు స్వరాలు' అని పేరు. 'నోట్' అన్న ఇంగ్లిష్ మాటే మన నోట 'నోట్టు' అయిందన్నమాట!

మామగారి పని సరి!

పెంకి పిల్లలకు సరిగమలు నేర్పడానికి తెలుగువాళ్లకు జింక కూడా అక్కర్లేదు. ఎందుకంటే ఆ ఏడు అక్షరాల్లోనే మన మాటలు బోలెడు దాగున్నాయి. పని, దారి, పాప, దగా, గరిమ, నిగమ, దాసరి... కోత అయ్యాక చేలో ఏరుకునే పరిగ కూడా. 'మామగారి పని సరి' అనండి. మ, మ, గ, రి, ప, ని, స, రి... మొత్తం స్వరాలే! పాటలోని మాట ఏ అక్షరమో, దాన్ని పాడే స్వరమూ అదే అయితే 'స్వరాక్షరం' అంటారు. వాగ్గేయకారులు ముచ్చటపడి కూర్చిన చమత్కారమిది. సెలవు రోజున పిల్లలతో ఈ ఆట ఆడి చూడండి. పాటలో ఓ ఓనమాల పాఠం అయిపోతుంది.

సంగీతం రాదనేవాళ్ల మాటల్లోనూ సంగీతమే. హాస్యం హద్దు దాటితే 'శ్రుతి మించింది' అంటాం. ఊరేగింపులో ప్రమాదం జరిగితే పేపర్లో 'అపశ్రుతి' అని శీర్షిక పెడతారు.

కరెంటు పాడే గాంధారం

ఇక వీధి చివరికి వెళదాం. రాత్రిపూట ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 'జుమ్మ్' అని సన్నటి హోరు వినిపిస్తుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగిసలాడుతుంది. ఒక్కో ఊపుకు రెండేసి సార్లు లోపలి ఇనుము అదురుతుంది. అంటే సెకనుకు 100 అదుర్లు. అమెరికాలో కరెంటు 60 సార్లు ఊగుతుంది. కాబట్టి అక్కడ 120 అదుర్లు. మన హోరును 'స' అనుకుంటే, అమెరికా హోరు సరిగ్గా ఖరహరప్రియలో వినిపించే సాధారణ గాంధారం దగ్గర పలుకుతుంది! హైదరాబాద్‌లో తాతయ్య వీధి 'స' అంటుంటే, డాలస్‌లో మనవడి వీధి 'గ' అంటోందన్నమాట.

ఓ చిన్న సరదా. ఏడు గాజు గ్లాసులు వరుసగా పెట్టండి. ఒక్కోదాంట్లో ఒక్కో మట్టానికి నీళ్లు పోసి చెంచాతో మెల్లగా తట్టండి. ఇక్కడ బిందెకు పూర్తిగా తిరగేసి జరుగుతుంది. నీళ్లు ఎక్కువయ్యేకొద్దీ శ్రుతి తగ్గుతుంది. ఎందుకంటే ఇప్పుడు అదిరేది గాలి కాదు, గ్లాసు. నీటి బరువుకు అది నెమ్మదిగా అదురుతుంది. చెంచా చెంచా నీళ్లు కలుపుతూ, తీస్తూ ఏడు మెట్లూ కుదిర్చితే అదే జలతరంగం. కుదిరిందో లేదో చెప్పడానికి విద్వాంసులెవరూ అక్కర్లేదు. ఇల్లాలిని పిలవండి. చూడకుండానే బిందె నిండిందని చెప్పగలిగిన చెవి, ఏ గ్లాసు తప్పు పలుకుతోందో చెప్పలేదా? 'ఆ నాలుగోది బాలేదు' అని ఆమె అన్నప్పుడు ఒక్క మాట చెప్పండి చాలు.

'అమ్మా, దాని పేరు మధ్యమం!'