కారు బ్రేకులలో గాలి

మన సభ్యులలో కొందఱు కారు బ్రేకులను ఇంటియొద్దనే బాగుచేసికొనుచున్నారు. బ్రేకు ప్యాడ్లు మార్చినను, ఆయిలు పోసినను పెడలు మెత్తగా దిగిపోవుచున్నదని వారు చెప్పగా వింటిమి. డీజిలు గొట్టమున గాలి చేరిన ఇంజను ఆగుట రైతులెఱిగినదే. ఇదియు నట్టిదే. ఆయిలు అదిమినను కుంచింపదు, గాలి కుంచించును. అందుచే కాలి బలము చక్రమునకు చేరదు.

ఒకరు పెడలు త్రొక్కిపట్టగా, వేఱొకరు చక్రముకడ బ్లీడరు మరను వదులుచేసి, బుడగలను వెడలనిచ్చి, పెడలు పైకి లేవకమునుపే బిగింపవలెను. బుడగలు ఆగువఱకు ఇట్లే చేయవలెను. నడుమ డబ్బాలో బ్రేకు ఆయిలు అడుగంటినచో గాలి మరల చొచ్చి శ్రమ వృథా యగును. ఇంజను ఆయిలు పోయరాదు. రబ్బరు వాషర్లు ఉబ్బి చెడును.

ఇంతచేసినను, ఎక్కడను కారకయే, త్రొక్కిపట్టిన పెడలు మెల్లగా దిగుచున్నచో మాస్టరు సిలిండరులోని రబ్బరు చెడెనేమో యని శంకింపవలెను. అట్టి బండిని మేస్త్రీకి చూపక రోడ్డెక్కింపవలదని మా మనవి.