వెయ్యి ఫొటోల అమ్మమ్మ

గోడ మీద అమ్మమ్మ ఫొటో. నాలుగడుగులు దగ్గరికెళ్తే అమ్మమ్మ మాయం! బుగ్గ ఉన్నచోట మనవడి అన్నప్రాశన, కంటిపాప ఉన్నచోట కరెంటు పోయిన రాత్రి తీసిన ఫొటో, చీర అంచులో ఎవరిదో పెళ్లి పందిరి. వెనక్కి జరిగితే మళ్లీ అమ్మమ్మే. అదే ఫొటో మొజాయిక్‌. పేర్చే పని కంప్యూటర్‌ నిమిషాల్లో చేసేస్తుంది. కష్టమంతా ఫొటోలు పోగేయడంలోనే.

గళ్ల నుంచి ఫొటోలకు...

1973లో బెల్‌ ల్యాబ్స్‌ శాస్త్రవేత్త లియాన్‌ హార్మన్‌ అబ్రహాం లింకన్‌ ముఖాన్ని కొద్దిపాటి నలుపు తెలుపు గళ్లలోకి కుదించి చూపించాడు. కళ్లు చికిలించి చూస్తే గళ్లు పోయి లింకన్‌ కనిపిస్తాడు. 1990ల్లో ఎంఐటీ విద్యార్థి రాబర్ట్‌ సిల్వర్స్‌ ఒక్కో గడిలో ఒక్కో ఫొటోను కూర్చే ప్రోగ్రామ్‌ రాశాడు. 1998 నాటి హాలీవుడ్‌ సినిమా ‘ట్రూమన్‌ షో’ పోస్టర్‌ ఇలా తయారైందే.

పాడైన ఫొటోకే గిరాకీ!

ప్రోగ్రామ్‌ పెద్ద బొమ్మను గళ్లుగా విడగొట్టి, ప్రతి గడి రంగుకు దగ్గరగా ఉన్న ఫొటోను వెతుకుతుంది. అందులో ఎవరున్నారన్నది దానికి అనవసరం. ఇళ్లలోని ఆల్బమ్‌లతో చిక్కు ఇక్కడే. అన్నీ మనుషుల ముఖాలే, అన్నీ ఒకే తీరు వెలుగు. జుట్టుకు కావలసిన చీకటీ, చీరకు కావలసిన తెలుపూ దొరకవు. అందుకే వేలు అడ్డొచ్చిందనీ, నల్లగా వచ్చిందనీ పక్కన పడేసినవి కూడా దాచాలి.

తక్కువైన రంగులు బషీర్‌బాగ్‌ చుట్టుపక్కలే దొరుకుతాయి. నౌబత్‌పహాడ్‌ మీది బిర్లా మందిర్‌ను కింది నుంచి తీస్తే పాలరాతి తెలుపు. పబ్లిక్‌ గార్డెన్స్‌లో పచ్చదనం. 1938 నుంచీ నగరవాసులకు అలవాటైన నుమాయిష్‌కు జనవరిలో నాంపల్లి వెళ్తే నల్లటి ఆకాశం, దీపాల పసుపు. ఆదివారం ఆబిడ్స్‌ ఫుట్‌పాత్‌ మీద పాత పత్రికల అట్టలనూ రంగు చూసి ఏరుకోవచ్చు. అయితే వాటితో చేసింది అమ్మాలంటే హక్కుదారుల అనుమతి ఉండాల్సిందే. 2012 చట్ట సవరణ తర్వాత ఫొటో మీద హక్కు తీసినవారి జీవితకాలం, ఆపైన మరో 60 ఏళ్లు ఉంటుంది.

లెక్క ఇదీ...

అడ్డంగా 50, నిలువుగా 40 గళ్లంటే మొత్తం 2,000. చేతిలో 400 ఫొటోలే ఉంటే ఒక్కోటి సగటున అయిదుసార్లు వస్తుంది. అంతకన్నా తగ్గితే రంగులు కలవవు. అప్పుడు ప్రోగ్రామ్‌ ఫొటోల మీద రంగు పులిమి సరిపెడుతుంది, దగ్గర్నుంచి చూసే సరదా పోతుంది. గడి అరంగుళం ఉంటే బొమ్మ 25 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల ఎత్తు వస్తుంది. ఒకే ఫొటో రెండు పేర్లతో ఉంటే ఒకటి తీసేయాలి. చదరంగా కత్తిరించేటప్పుడు తలలు తెగకుండా చూసుకోవాలి.

స్కాన్‌ చేసేటప్పుడే ఫైలుకు పేరూ, ఊరూ, ఏడాదీ పెట్టేయడం మంచిది. దానికి ముందు ట్రంకుపెట్టె దగ్గర అమ్మమ్మను కూర్చోబెట్టాలి. రంగు వెలిసిన పెళ్లిఫొటోలో మూడో వరసలో నిలబడ్డ మీసాలాయన ఎవరో కంప్యూటర్‌కు తెలీదు. ఇంట్లో ఇంకెవరికీ కూడా తెలీదు. చెప్పగలిగేది ఆమె ఒక్కతే!