విత్తనమునకు నెలవు గిడ్డంగియా, చేనా?

పటాన్‌చెరువున 1972లో వెలసిన ఇక్రిశాట్ సంస్థను ఎఱుగని వ్యవసాయదారుడు మన మెట్టసీమలో అరుదు. అచ్చటి గిడ్డంగిలో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ, చిరుధాన్యముల విత్తన నమూనాలు 1,20,000కు మించి భద్రముగా నున్నవి. చిరకాలము నిలువవలసిన వానిని సున్నకు దిగువ 20 డిగ్రీల శీతలమున నుంచుదురు. కఱవునకు తాళు పైరు, తెగులునకు లొంగని పైరు కావలసినపుడు నానాదేశముల శాస్త్రజ్ఞులు ఈ కొట్టు నాశ్రయించుచున్నారు. ఇది మనకు గర్వకారణమే. కాని మంచులో నిద్రించు గింజ మారుచున్న వానలకు, క్రొత్త పురుగులకు అలవాటు పడజాలదు. ఏటేట చేనిలో మొలచిననే దానికి ఆ నేర్పు అబ్బును. ఆ పని చేయువారెవరు?

ఆ బాటనే పడమరగా పోయినచో, అదే సంగారెడ్డి జిల్లాలో, జహీరాబాదు ప్రాంతము వచ్చును. పస్తాపూరు కేంద్రముగా 1983లో ఏర్పడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళాసంఘములు అచ్చట నున్నవి. వీరిలో పెక్కురు చిన్న కమతములు గల దళిత స్త్రీలు. ఒక్క చేనిలోనే జొన్న, కంది, పెసర, అనుము, కొఱ్ఱ, నువ్వు కలిపి విత్తుదురు. ఒక పైరు చెడినను వేఱొకటి చేతికి వచ్చును. పప్పుపైరులు భూమికి సత్తువ నిచ్చును. దాచిన విత్తనమును లేనివారికి అప్పిచ్చి, పంట వచ్చిన పిదప హెచ్చుగా కొలిపించుకొందురు. 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమానము వీరికి లభించినది.

అదే 1983లో ప్రభుత్వము కిలో 2 రూపాయల బియ్యము నొసగినది. అది పేదల ఆకలి తీర్చిన మాట నిజము. కాని బియ్యము చౌక కాగా జొన్నకు గిరాకి తగ్గి, మెట్టచేలు బీడువడినవి. ఈ స్త్రీలు బీళ్లు దున్నుటకు అప్పు తీసికొని, ఆ అప్పును జొన్నలుగనే తీర్చి, ఆ ధాన్యమును వానకాలపు కఱవునెలలలో పేదలకు చౌకగా అమ్ము ఏర్పాటు చేసికొనిరి. తిండిని పండించినవారే పంచినవారు కూడ నైరి!

విత్తన మొక్కటి దక్కిన చాలునా? పటాన్‌చెరువు కర్మాగారముల మురుగుచే నక్కవాగు చెడి, 1990లోనే వ్యాజ్యము సుప్రీంకోర్టు కెక్కినది. అచ్చట శుద్ధిచేసి వదలిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల వఱకు సిప్రోఫ్లాక్సాసిన్ మందు కలదని స్వీడను శాస్త్రజ్ఞులు 2007లో వెల్లడించిరి. అట్టి నీరు పాఱిన చేనిలో ఎంత మేలైన గింజ యేమి చేయగలదు?

కలగలుపు పంటకు కూలి హెచ్చు, రాబడి తక్కువ యని మా పాఠకులలో భూవసతి గలవారు అనవచ్చును. ఆ మాట కొట్టివేయదగినది కాదు. కావుననే ప్రభుత్వము జొన్నను, కొఱ్ఱను గిట్టుబాటు ధరకు కొని చౌకదుకాణములలో నుంచవలెనని మేము కోరుచున్నాము. అందాక, పది యెకరములవాడు ఒక్క యెకరమైనను పాతపంటలకు విడువలేడా? శాస్త్రజ్ఞుల గిడ్డంగి వలదని మే మనము. అది ఆపత్కాలపు నిధి, చేను నిత్యజీవనము. నిధి యున్నదిగదా యని సేద్యము మానుకొన్న గృహస్థును లోకము బుద్ధిమంతు డనదు.