తాడు అందించే కుక్క

మన ప్రాంతానికి నీటితో ఉన్న సంబంధం మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. జనగామ వైపు ఊరూరా ఒక చెరువు, దానికొక కట్ట, ఒక మత్తడి. మహబూబాబాద్ వైపు ఆకేరు, మున్నేరు. భూపాలపల్లి వైపు మోరంచవాగు, ఆపైన కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకొని సాగే గోదావరి. ఎండాకాలంలో మన వాగుల్లో ఇసుక తప్ప మరేమీ కనబడదు. వానాకాలంలో ఒక్క రాత్రికే వాటి రూపం మారిపోతుంది. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరినే ముంచేసింది. జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు నిలుపుకున్నారు. పడవల మీదా సైన్యం హెలికాప్టర్ల మీదా వారిని బయటకు తెచ్చారు. అందరూ దక్కలేదు. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో వరదకు కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కంకర, మట్టి కొట్టుకుపోయాయి.

వరదలు రాని ఏడాదిలో కూడా నీరు ప్రాణాలు తీస్తూనే ఉంటుంది. సెలవుల్లో చెరువుకో, క్వారీ గుంతకో ఈతకు వెళ్లి తిరిగిరాని పిల్లల వార్తలు మీరు చదువుతూనే ఉంటారు. అలాంటి వార్తల్లో ఒక విషయం గమనించారా? చాలాసార్లు మునిగింది ఒక్కరు కాదు, ఇద్దరో ముగ్గురో. మొదటివాణ్ణి కాపాడబోయి రెండోవాడు, వాళ్లిద్దరి కోసం మూడోవాడు. మునిగేవాడు చేతికి అందినదాన్ని గట్టిగా పట్టుకుంటాడు. అది స్నేహితుడి మెడ అయినా సరే వదలడు. ఊపిరాడని మనిషికి ఆలోచించే స్తిమితం ఉండదు.

అయితే మునిగేవాడి చేతికి చిక్కకుండా అతన్ని ఒడ్డుకు తేవడమెలా? ఈ ప్రశ్నకు చక్కని సమాధానం ఒక కుక్కకు ఇచ్చే శిక్షణలో దొరుకుతుంది. ఆ కుక్క పేరు న్యూఫౌండ్‌లాండ్.

చలి సముద్రపు బిడ్డ

కెనడా దేశానికి తూర్పున అట్లాంటిక్ సముద్రంలో న్యూఫౌండ్‌లాండ్ అనే పెద్ద దీవి ఉంది. ఉత్తర ధ్రువం వైపునుంచి వచ్చే లాబ్రడార్ శీతల ప్రవాహం దాని ఒడ్డును తాకుతూ పోతుంది. అక్కడి బెస్తవారు తరతరాలుగా ఈ కుక్కలను పనికి పెంచుకున్నారు. నీళ్లలో పడిన వస్తువులను తేవడం, వలల తాళ్లను ఒడ్డుకు లాగడం, నేలమీద కట్టెల బండి లాగడం దాని పనులు. మన దగ్గర ఎద్దు ఎంతో, వారికి ఆ కుక్క అంత.

పెరిగిన మగకుక్క సుమారు 60 నుంచి 68 కిలోల బరువు, భుజం దగ్గర 70 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. దాని ఒంటి మీద రెండు పొరల బొచ్చు ఉంటుంది. పైపొర ముతకగా, జిడ్డుగా ఉండి నీటిని లోపలికి రానివ్వదు. లోపలి పొర మెత్తగా, ఒత్తుగా ఉండి గాలిని పట్టి ఉంచుతుంది. గాలి అధమ ఉష్ణవాహకమని మీరు చదువుకున్నారు కదా! అందుకే గడ్డకట్టే నీళ్లలో కూడా దాని ఒంట్లోని వేడి త్వరగా బయటకు పోదు. ఇక పాదాలు చూడండి. కుక్కలన్నింటికీ వేళ్ల మధ్య కొంత చర్మం ఉంటుంది. దీనికి అది బాగా విస్తరించి తెడ్డులా పనిచేస్తుంది. బలమైన తోక చుక్కానికి సాయం.

ఈ కుక్క మిగతా కుక్కల్లా కాక, మనుషుల్లాగా చేతులు చాచి ఈదుతుందని చాలామంది చెప్పేవారు. అమెరికాలో ఫ్రాంక్ ఫిష్ అనే జీవశాస్త్రవేత్త నీటి అడుగునుంచి కుక్కల ఈతను చిత్రీకరించి చూశాడు. చిన్న యార్క్‌షైర్ టెర్రియర్ మొదలు భారీ న్యూఫౌండ్‌లాండ్ వరకు అన్నీ దాదాపు ఒకే తీరున ఈదుతున్నాయని 2014లో తెలిపాడు. నేలమీద పరుగెత్తేటప్పుడు కాళ్లు కదిపే వరుసకు అది దగ్గరగా ఉంది. నలుగురూ అనే మాట వేరు, కొలిచి చూసిన మాట వేరు. విజ్ఞానశాస్త్రం రెండోదాన్నే నమ్ముతుంది.

చెరువు ఒడ్డున బడి

ఇప్పుడు ఆ కుక్కలతో వల లాగించేవారు లేరు. కానీ దాని పాత విద్య మరుగున పడకూడదని పెంపకందార్లు సంఘాలుగా ఏర్పడ్డారు. అమెరికాలో, ఇంగ్లండులో, ఇంకా యూరపు దేశాల్లో ఒక్కో ప్రాంతంవారు సెలవురోజుల్లో ఏదైనా సరస్సు దగ్గర కలుసుకుంటారు. అమెరికాలోని న్యూఫౌండ్‌లాండ్ క్లబ్బు 1970ల నుంచి ఈ కుక్కలకు నీటి పరీక్షలు పెడుతోంది. బండి లాగే పరీక్షలు వేరే ఉన్నాయి. ఇటలీలో ఫెరుచియో పిలెంగా 1989లో నీటి రక్షక శునకాల పాఠశాలను స్థాపించాడు. అక్కడ తయారైన న్యూఫౌండ్‌లాండ్, లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ కుక్కలు తమ యజమానులతో కలిసి సముద్రపు ఒడ్డున కాపలా కాస్తాయి. వాటిలో కొన్ని హెలికాప్టర్ నుంచి నీళ్లలోకి దూకగలవు.

చెరువు దగ్గర శిక్షణలో ముందు మనుషులు గాలిజాకెట్లు తొడుక్కుంటారు. బాగా ఈదగలవారికి కూడా మినహాయింపు లేదు. ఆ తరువాతే కుక్కలకు పని. మొదటి పరీక్షలో ఉండే అంశాలు ఇలాంటివి: పిలిస్తే రావడం, ఆగమంటే ఆగడం, నీళ్లలోకి విసిరిన దిమ్మను తేవడం, పడవలోంచి జారవిడిచిన వస్తువును తేవడం, తాడు కొసను నోట కరచుకొని నీళ్లలోని మనిషికి అందించడం, పడవను లాగడం, యజమాని పక్కన ఈదుతూ, తనను పట్టుకున్న అతన్ని ఒడ్డుకు చేర్చడం.

పై తరగతి పరీక్షలో ఒక అంశం నాకు చాలా ఇష్టం. నీళ్లలో ముగ్గురు మనుషులు ఎడమెడంగా ఉంటారు. ఇద్దరు నిశ్చలంగా ఉంటారు. ఒక్కరు మాత్రం చేతులు కొట్టుకుంటూ కేక వేస్తారు. కుక్క గాలిచక్రాన్ని నోట కరచుకొని ముగ్గురిలో ఆపదలో ఉన్నది ఎవరో గుర్తించి, అతని దగ్గరకే వెళ్లాలి!

ముక్కలు ముక్కలుగా పాఠం

ఇదంతా ఆ కుక్కకు పుట్టుకతోనే వచ్చిందా? కొంత వచ్చింది. నీళ్లంటే ఇష్టం, నోటితో వస్తువులు మోసే అలవాటు దాని జాతి లక్షణాలు. మిగతాది అభ్యాసం. ఆ అభ్యాసం వెనుక మనోవిజ్ఞాన శాస్త్రం ఉంది.

1898లో థార్న్‌డైక్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఆకలిగా ఉన్న పిల్లులను పెట్టెల్లో పెట్టాడు. పిల్లి అటూ ఇటూ గీకి, తన్ని, అనుకోకుండా గడియ తీస్తుంది. బయట ఆహారం ఉంటుంది. మళ్లీ మళ్లీ పెడితే గడియ తీసే సమయం తగ్గుతూ వచ్చింది. మంచి ఫలితమిచ్చిన పనిని ప్రాణి తిరిగి చేస్తుందనే ఈ సంగతే ఫలిత నియమం. తరువాత స్కిన్నర్ ఇంకో మెట్టు ఎక్కాడు. పెద్ద పనిని చిన్న చిన్న ముక్కలుగా చేసి, ప్రతి ముక్కకూ బహుమతి ఇస్తూ పోతే జంతువుకు ఎంత చిక్కుపనినైనా నేర్పవచ్చని చూపాడు. బహుమతితో అలవాటును గట్టిపరచడాన్నే పునర్బలనం అంటారు.

చెరువు ఒడ్డున జరిగేది అచ్చంగా ఇదే. తాడు అందించే పాఠం నీళ్లలో మొదలు కాదు. ఇంటి వాకిట్లో మొదలవుతుంది. మొదట తాడు ముక్కను నోట పట్టుకుంటే మెచ్చుకోలు, ఒక తినుబండారం. తరువాత పట్టుకొని నాలుగడుగులు నడిస్తే బహుమతి. ఆపైన ఎదుటి మనిషికి అందిస్తే బహుమతి. ఇక మోకాలి లోతు నీళ్లలో అదే పాఠం, చివరికి లోతు నీళ్లలో. ఏ మెట్టు దగ్గర తడబడితే దాని కింది మెట్టుకు దిగి మళ్లీ మొదలుపెడతారు. పాఠం కొద్ది నిమిషాలే. కుక్కకు విసుగు రాకముందే ఆపేస్తారు. భయపడ్డ కుక్కపిల్లను ఎత్తి నీళ్లలో పడవేసేవాడు శిక్షకుడు కాడు. అలా చేస్తే అది నేర్చుకునేది ఈత కాదు, నీళ్లంటే భయం.

పడవను ఎలా లాగుతుంది?

మనుషులు కూర్చున్న పడవను ఒక కుక్క లాగుతుందంటే వింతగా లేదూ? నేలమీద అయితే అదే పడవను అది అంగుళం కూడా కదపలేదు. నీళ్లలో పడవ బరువంతా నీరే మోస్తుంది. అది తొలగించిన నీటి బరువు, పడవ మొత్తం బరువుకు సమానం. ఇది ఆర్కిమెడిస్ సూత్రం. కుక్క మోయవలసిన బరువు ఏమీ లేదు. మెల్లగా పోయేటప్పుడు నీటి నిరోధం కూడా స్వల్పమే. కుక్క పాదాలు నీటిని వెనక్కు నెడతాయి, నీరు కుక్కను ముందుకు నెడుతుంది. ఇది న్యూటన్ మూడో నియమం. మునిగే మనిషి విషయం కూడా ఇంతే. మన శరీర సాంద్రత దాదాపు నీటి సాంద్రతకు సమానం. 50 కిలోల మనిషిని నీళ్లలో తేల్చి ఉంచడానికి 50 కిలోల బలం అక్కరలేదు. కొద్దిపాటి ఆధారం చాలు.

ఆ కుక్క మన ఊరికి పనికివస్తుందా?

ఇంతా చదివి ఇలాంటి కుక్కను తెచ్చుకోవాలని మీకు అనిపించవచ్చు. వద్దు. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. అరికాళ్లలో మాత్రమే కాస్త చెమట గ్రంథులు ఉంటాయి. నాలుక చాచి రొప్పుతూ, నోటిలోని తడిని ఆవిరి చేసి ఒంటిని చల్లబరచుకుంటుంది. మే నెలలో మన దగ్గర ఎండ 44 డిగ్రీలు దాటుతుంది. కుక్క ఒంటి వేడి సుమారు 39 డిగ్రీలు. చుట్టూ ఉన్న గాలే తనకంటే వేడిగా ఉంటే ఆ రెండు పొరల బొచ్చుతో అదేం చేయగలదు? అక్కడ ప్రాణం నిలిపిన కోటే ఇక్కడ ప్రాణాంతకం. అందం చూసి మంచు దేశాల కుక్కను కొనడమంటే దాన్ని జీవితాంతం బాధపెట్టడమే.

మన వాతావరణానికి తగినవి మన దగ్గరే ఉన్నాయి. ఆంధ్రలో కొల్లేటి ప్రాంతపు జోనంగి కుక్క ఒంటి మీద పొట్టి బొచ్చే ఉంటుంది. బాతులు మేపేవారికి అది బాతుల మందను కాస్తుంది. మీ వీధిలోని ఊరకుక్క కూడా ఎండకు తట్టుకునేదే. దానికి కూడా ఫలిత నియమం అంతే వర్తిస్తుంది.

ఇక శిక్షణకు వస్తే, హైదరాబాదు దగ్గరి మొయినాబాద్‌లో తెలంగాణ పోలీసు శునకాలకు శిక్షణ ఇచ్చే కేంద్రం ఉంది. అక్కడ నేర్పేది ఈత కాదు, వాసన పట్టడం. కుక్క ముక్కుతో ఎంత పని జరుగుతుందో 2025లో మన రాష్ట్రమే చూసింది. ఫిబ్రవరి 22న ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి 8 మంది చిక్కుకుపోయారు. బురద, రాళ్లు, నీరు నిండిన ఆ చీకట్లో వెతకడానికి కేరళ పోలీసులు మాయ, మర్ఫీ అనే రెండు కుక్కలను తెచ్చారు. అవి బెల్జియన్ మాలినోయిస్ జాతివి. బురద కింద మనుషుల జాడ ఉండగల చోట్లను అవి వాసనతో చూపాయి. మొయినాబాదులో కానీ, కేరళలో కానీ, ఇటలీ సముద్రతీరంలో కానీ పాఠం చెప్పే పద్ధతి ఒక్కటే: చిన్న మెట్టు, వెంటనే బహుమతి, బోలెడంత ఓపిక.

కుక్క నుంచి మనం నేర్చుకోవలసినది

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. కుక్క నోట తాడు ఎందుకు? మనిషి మునిగేవాడి చేతికి చిక్కకూడదనే. దూరంనుంచే ఆధారం అందించాలి, లాగడం ఒడ్డునుంచి జరగాలి. కుక్క లేకపోయినా ఈ పని మీరు చేయవచ్చు.

ఎవరైనా మునుగుతుంటే మొదట గట్టిగా కేకవేసి పెద్దలను పిలవండి. నీళ్లలోకి దూకకండి. దగ్గరగా ఉంటే ఒడ్డున పడుకొని పొడవాటి కర్ర, తువ్వాలు, చీర అందించండి. దూరంగా ఉంటే తాడు కట్టిన ఖాళీ డబ్బాను విసరండి. 10 లీటర్ల డబ్బాకు మూత బిగిస్తే అది 10 లీటర్ల నీటిని తొలగించగలదు. అంటే డబ్బా సొంత బరువు పోను సుమారు 9 కిలోల బరువును తేల్చగలదు. మనిషి తల బరువు 4, 5 కిలోలే. ముక్కూ నోరూ నీటిపైన ఉండడానికి ఆ డబ్బా ధారాళంగా సరిపోతుంది. ఒక స్నేహితునితో 112కు ఫోను చేయించండి. అంబులెన్సుకు 108.

ఈ లెక్క నిజమో కాదో మీరే చూడండి. ఒక లీటరు ఖాళీ సీసాకు మూత బిగించి, దానికి ఇసుక మూట కట్టి నీళ్ల తొట్టిలో వేయండి. ఇసుక కొంచెం కొంచెం పెంచుతూ సీసా ఎప్పుడు మునుగుతుందో రాసుకోండి. మూత తీసి మళ్లీ చేయండి. తరువాత మీ సైన్సు ఉపాధ్యాయుని సహాయంతో బడి ఆవరణలో ఒక గీత గీసి, 10 మీటర్ల దూరంలోని గుర్తు దగ్గర తాడు కట్టిన డబ్బా పడేలా విసరడం సాధన చేయండి. మొదటిసారి గురి కుదరదు. న్యూఫౌండ్‌లాండ్ కుక్కపిల్ల లాగే మీరు కూడా రెండు మీటర్లతో మొదలుపెట్టండి, తరువాత అయిదు, ఆ తరువాత పది. మీ ఊరి చెరువు కట్ట మీద, వాగు రేవులో అలాంటి డబ్బా, తాడు ఎప్పుడూ వేలాడుతూ ఉండేలా పంచాయతీవారిని అడగండి. దాని ఖర్చు తక్కువ. ఏదో ఒక రోజు దాని విలువ ఒక ప్రాణం కావచ్చు.