నిప్పులపై పొట్లము

ఒహాయో రాష్ట్రమునందలి ఒక అడవిలో, ఆకులు పండి రాలుచున్న శరత్కాలపు సాయంకాలమున, మా అమ్మాయి కుటుంబముతోపాటు గుడారము వేసికొని నెగడు చుట్టును కూర్చున్నప్పుడు, మా అల్లుడు సాసేజి ముక్కలను, పలుచగా తరిగిన బంగాళాదుంపలను, ఉల్లిపాయలను, క్యారెట్టును, క్యాప్సికమును నూనెతోను ఉప్పుకారములతోను కలిపి, అల్యూమినియం ఫాయిల్‌లో పొట్లములుగా చుట్టి నిప్పులపై నుంచగా, పదేండ్ల మా మనుమరాలు వానినే తదేకదృష్టితో చూచుచు, "తాతయ్యా, కట్టెలే కాలిపోతున్నాయి గదా, ఇంత పలచని రేకు ఎందుకు కరిగిపోవడం లేదు?" అని అడిగినది. ముప్పదియేండ్లు భౌతికశాస్త్రము బోధించిన నాకు ఇంతకంటె చక్కని ప్రశ్న ఏ తరగతిలోను ఎదురైన జ్ఞాపకము లేదు.

అల్యూమినియము 660 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరగును. నారింజవన్నెతో వెలుగు బొగ్గులు 800 డిగ్రీలు దాటియుండును. వంటయింట మనము వాడు రేకు మందమా, మిల్లీమీటరులో అరువదవ వంతు మాత్రమే. ఈ లెక్కను బట్టి పొట్లము క్షణములో నీరుగారిపోవలసినదే. అట్లు జరుగకుండ కాపాడునది రేకు కాదు, రేకు లోపలి తడి. బంగాళాదుంపలో సుమారు నూటికి ఎనుబది పాళ్లు నీరే. ఉల్లిపాయలో అంతకంటెను హెచ్చు. నీరు మరుగునంతవరకు దాని ఉష్ణోగ్రత నూరు డిగ్రీలను మించదు; ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు 2260 జౌళ్ల ఉష్ణమును మ్రింగును. అల్యూమినియము ఇనుముకంటె సుమారు మూడింతలు మేలైన ఉష్ణవాహకము. అందులోను ఇది మిక్కిలి పలచనిది. అందుచేత నిప్పు వైపు ముఖమునకును కూర వైపు ముఖమునకును నడుమ ఉష్ణోగ్రతాభేదము డిగ్రీలో నూరవ వంతైనను ఉండదు. నిప్పు ఇచ్చిన వేడిని రేకు తన యొద్ద నిలుపుకొనక, వచ్చినది వచ్చినట్లే తడికి అప్పగించుచున్నది. నీరు పోసిన కాగితపు దొప్పను దీపముపై బట్టినచో దొప్ప కాలక నీరు వెచ్చబడుట బడిపిల్లలందరును చూచిన ప్రయోగమే; పొట్లము కూడ అట్టిదే. కూరను తాకక పైకి లేచియున్న రేకు అంచు ఎఱ్ఱని బొగ్గులలో పడినప్పుడు మాత్రము చిల్లులు పడి చిట్లిపోవును. మా మనుమరాలికి ఆ కాలిన అంచునే చూపితిని. మాటలతో చెప్పినదానికంటె అది ఆమెకు త్వరగా బోధపడినది.

అయితే నిప్పులన్నియు సమానములు కావు. మంట లేచుచున్న కట్టెపై పెట్టిన పొట్లము ఒకవైపు మాడి వేరొకవైపు పచ్చిగా నిలుచును. నెగడు చల్లారి, బొగ్గులపై బూడిదపొర ఏర్పడినప్పుడే వంటకు అదను. నివురుగప్పిన నిప్పు అని మనవారు దేనిని హెచ్చరికగా వాడిరో, ఆ నిప్పే ఈ వంటకు ఉత్తమమైనది. బూడిద వేడిని అణచి, నిదానముగా, అన్నివైపులను సమముగా పంచును.

రేకునకు ఒక ముఖము తళతళలాడుచు, రెండవది మసకగా నుండుట అందరును చూచినదే. ఏ ముఖము లోపలికి పెట్టవలెనని గృహిణులు వాదులాడుటయు కలదు. ఈ భేదము వంటకొఱకు ఉద్దేశించినది కాదు. ఉక్కు రోలర్ల నడుమ రేకును నొక్కి నొక్కి పలుచన చేయునప్పుడు, కడపటి పర్యాయము ఒక్కరేకు మాత్రమే పోయినచో చినిగిపోవునని, రెండు రేకులను జతచేసి పంపుదురు. నునుపైన రోలరును తాకిన ముఖము మెఱయును, ఒకదానినొకటి తాకిన ముఖములు మసకబారును. వంటలో ఈ రెండింటికిని చెప్పుకోదగిన తేడా ఏమియు లేదు.

పొట్లము లోపల ఏమి జరుగుచున్నదో చూతము. ముందుగా సాసేజిలోని కొవ్వు కరగి అడుగునకు జారి, దుంపముక్కలకు పట్టును. కూరలనుండి వెలువడిన ఆవిరి రేకు కప్పునకు తగిలి, నీటిబొట్లై మరల క్రిందికి కురియును. కాయగూరల కణములను అంటించియుంచు పెక్టిన్ అను పదార్థము 85 డిగ్రీలు దాటినపిమ్మట సడలి, ముక్కలు మెత్తబడును. అడుగున నీరింకి నూనె మాత్రమే మిగిలినచోట నూరు డిగ్రీల హద్దు తొలగి, వేడి పైకెగబ్రాకి, ఉల్లిపాయ అంచులు గోధుమవన్నెకు తిరుగును. ఉడుకుటయు వేగుటయు ఒకే పొట్లములో జరుగు ఈ చిత్రమునే నేను మిక్కిలి మెచ్చుకొందును. అరకులోయ గిరిజనులు వెదురుబొంగులో కోడిమాంసమును కూరి, ఆకులతో మూతి బిగించి నిప్పులపై కాల్చునప్పుడు జరుగునదియు ఇదే. అక్కడ బొంగు కాలిపోకుండ పచ్చివెదురులోని చెమ్మ కాపాడుచున్నది. ఆ కొండలలోనే అల్యూమినియమునకు మూలమైన బాక్సైటు ఖనిజము కలదు.

ఆ ఖనిజమునుండి లోహమును చౌకగా తీయు ఉపాయము మేము నెగడు వేసిన ఒహాయో రాష్ట్రములోనే పుట్టినది. 1884లో వాషింగ్టన్ స్మారకస్తంభము కొనపై వందఔన్సుల అల్యూమినియము నుంచి గొప్పగా చెప్పుకొనిరి; ఏలయన అది ఆనాడు వెలలో వెండితో తులతూగుచుండెను. ఖనిజమును శుద్ధిచేయగా వచ్చు అల్యూమినా రెండువేల డిగ్రీలు దాటినగాని కరగదు, అదే చిక్కు. ఓబర్లిన్ పట్టణములో చార్లెస్ మార్టిన్ హాల్ అను ఇరువదిరెండేండ్ల పట్టభద్రుడు, ఇంటివెనుక కట్టెలకొట్టములో, రసాయనశాస్త్రము చదివిన అక్క జూలియా తోడుండగా, అల్యూమినాను కరగిన క్రయొలైటులో కలిపినచో వేయిడిగ్రీల లోపలనే ద్రవమగునని కనిపెట్టి, అందులో విద్యుత్తు పంపి, 1886 ఫిబ్రవరి 23న లోహపుగుండ్లను చేతబట్టెను. రెండునెలలకే, ఫ్రాన్సులో, తండ్రి తోళ్ల కార్ఖానాలో ప్రయోగములు చేయుచుండిన పాల్ ఎరూ అను యువకుడు అదే పద్ధతికి పేటెంటు కోరెను. ఒకరి సంగతి వేరొకరికి తెలియదు. హక్కు ఎవరిదను వివాదము అమెరికాలో జరిగినప్పుడు, ముందుగా చేసినది తానేయని తేదీలతో నిరూపించి హాల్ నెగ్గెను. ఇద్దరును 1863లోనే జన్మించి, 1914లోనే గతించిరి. 1911లో న్యూయార్కులో హాల్‌కు పెర్కిన్ పతకము నిచ్చినప్పుడు ఎరూ ఆ సభకు వచ్చి అభినందించెను. నేడు పద్ధతికి ఇద్దరి పేర్లును కలిపియే వాడుచున్నారు.

తరువాతి కథ సంగ్రహము. 1910లో స్విట్జర్లాండులో రేకు చుట్టలు తయారైనవి. మరుసటియేడే టోబ్లర్ చాక్లెట్లు వానిని తొడిగినవి. 1947లో అమెరికాలో రెనాల్డ్స్ వారు వంటయింటికి చుట్టలుగా అమ్మసాగిరి. ఊరూర పనులకై తిరిగెడి కూలీల పేరుమీదుగా ఈ పొట్లమును అక్కడివారు హోబో డిన్నరని పిలుతురు. స్కౌటు శిబిరములలో ఇది ప్రసిద్ధము.

చేయదలచినవారికి రెండు మాటలు. చింతపండు, టొమాటో, నిమ్మరసము వేయకుడు. పులుపు రేకును తినివేయును. విప్పునప్పుడు ముఖము దూరముగా నుంచుడు. మూర పొడవు రేకు బరువు ఆరుగ్రాములకు మించదు. అందుచేత దానిని నిప్పులనుండి తీసిన కొంతసేపటికే చేత పట్టవచ్చును. లోపలి ఆవిరి అట్టిదికాదు. అందు ఒక్క గ్రాము చేతిపై నీరైనను, రెండువందల డిగ్రీలనుండి చల్లారు రేకు మొత్తము విడుచు వేడికంటె రెండింతలకు పైగా వదలును.

తిన్నపిమ్మట ఆ రేకును నెగడులో పారవేయకుడు. అది కట్టెవలె బూడిద కాదు. అడవిలో అట్లే మిగిలిపోవును. ఇంటికి దెచ్చి కరగించువారికి అందజేసినచో, ఖనిజమునుండి కొత్తగా తీయుటకు పట్టు శక్తిలో ఇరువదవ వంతుతోనే మరల లోహమగును.