నాలుగు ట్రాకుల క్యాసెట్టు యంత్రం

ఇంట్లో స్టూడియో పెట్టుకుందామనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఏ మైకు కొనాలని. స్టూడియో ఇంట్లోకి ఎలా వచ్చిందో చూస్తే అది ముందు అడగాల్సిన ప్రశ్న కాదనిపిస్తుంది. మేలైన ధ్వని ఇళ్లకు చేరడానికి చాలా ముందే, మనం వాయించింది మనమే వింటూ దానిమీద ఇంకొకటి వాయించే వీలు చేరింది. ఒంటరిగా కూర్చుని పాట కట్టడం నేర్పింది ఆ వీలే. అమెరికన్ గిటారిస్టు లెస్ పాల్ టేపు లేకుండానే దీన్ని సాధించాడు. 1948 నాటి ‘లవర్’ రికార్డులో గిటార్లన్నీ ఆయనవే. ఒక డిస్కు మోగుతుంటే దాంతోపాటు వాయించి, రెండూ కలిపి మరో డిస్కు మీదికి ఎక్కించేవాడు. ఎక్కడ తప్పినా ఆ పొర మళ్లీ మొదలెట్టాల్సిందే. పొర పెరిగినకొద్దీ గరగర కూడా పెరిగేది.

టేపు వచ్చాక పని సులువు కావాల్సింది, కానీ అక్కడ ఇంకో చిక్కు ఎదురైంది. మామూలు టేప్ రికార్డర్‌లో టేపు ముందు రికార్డు హెడ్‌ను దాటి, ఆ తర్వాతే ప్లే హెడ్‌ను చేరుతుంది. రెండింటికీ మధ్య ఐదు సెంటీమీటర్ల ఎడం ఉందనుకుందాం. సెకనుకు 38 సెంటీమీటర్ల వేగంతో నడిచే టేపు మీద అది సెకనులో దాదాపు ఎనిమిదో వంతు. నిమిషానికి 120 దెబ్బల లయలో పావు దెబ్బ! చెవి విన్న చోటు ఒకటి, చెయ్యి రాసిన చోటు మరొకటి అన్నమాట. పాత ట్రాకుతో సరిగ్గా కలిసి వాయించామనుకున్నది తీరా వింటే తాళం తప్పి ఉంటుంది. ఆంపెక్స్ సంస్థ 1950ల నడుమ కనిపెట్టిన విరుగుడు ఇది: కొత్త ట్రాకును రాస్తున్న రికార్డు హెడ్‌లోనే మిగతా భాగాలతో పాత ట్రాకులను చదివించడం. రాసే చోటు, వినే చోటు ఒకటైపోయాయి. నా లెక్కలో ఇంటి స్టూడియో పుట్టుక ఇదే, మిగతావన్నీ దాన్ని చవక చేసిన మెరుగులు. కానీ అది చవక కావడానికే పాతికేళ్లు పట్టింది. 1957లో లెస్ పాల్ చేతికొచ్చిన ఆంపెక్స్ ఎనిమిది ట్రాకుల యంత్రం ఖరీదు పదివేల డాలర్లు.

ఫిలిప్స్ 1963లో క్యాసెట్టును బయటికి తెచ్చినప్పుడు సంగీతం దాని మొదటి గురి కాదు. టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా లేదు, వేగం సెకనుకు ఐదు సెంటీమీటర్ల లోపే. జపాన్ సంస్థ టియాక్ 1979లో ‘టాస్కామ్’ పేరుతో తెచ్చిన పోర్టాస్టూడియో 144 ఈ బక్క టేపునే వాడుకుంది. స్టీరియో క్యాసెట్టులో ఒక వైపుకు రెండు, రెండో వైపుకు రెండు ట్రాకులుంటాయి. ఈ యంత్రం నాలుగింటినీ ఒకే దిక్కున నడిపింది, వేగం రెట్టింపు చేసింది, రొద తగ్గించే సర్క్యూట్ పెట్టింది, మిక్సర్‌ను అదే పెట్టెలో ఇమిడ్చింది. అరవై నిమిషాల క్యాసెట్టు మీద పట్టేది పదిహేను నిమిషాలే. అయినా ఆ యంత్రం బల్ల మీద పట్టింది.

నాలుగు ట్రాకులు చాలకపోతే మూడింటిని కలిపి నాలుగో దాని మీదికి ఎక్కించి, ఆ మూడూ చెరిపి మళ్లీ వాడుకోవాలి. కలిపాక విడదీయడం లేదు. బేస్ ఎంత, తాళం ఎంత, తోడు గొంతు అసలు కావాలా అన్నవి అప్పటికప్పుడు తేల్చుకోవాలి. ఇప్పుడు లెక్కలేనన్ని ట్రాకులిచ్చే సాఫ్ట్‌వేర్ ఉండగా ఈ ఇరుకును పొగడటమెందుకని అడగవచ్చు. నిజమే, ఇరుకు దానంతట అది గొప్పేమీ కాదు. బీటిల్స్ 1967లో ‘సార్జెంట్ పెప్పర్స్’ ఆల్బంను నాలుగు ట్రాకుల యంత్రాల మీద చేశారంటే, అంతకు మించినవి వాళ్లు పనిచేసిన స్టూడియోలో లేకనే. కానీ ఏ వాద్యం ఎందుకుందో చెప్పగలగడం పాట కట్టడంలో సగం పని. ఆ జవాబును నాలుగు ట్రాకులు బలవంతంగా రాబడతాయి, నాలుగు వందలు వాయిదా వేయనిస్తాయి.

చవక యంత్రంతో మంచి రికార్డు వస్తుందా అనే అనుమానానికి అమెరికన్ పాటగాడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ‘నెబ్రాస్కా’ను చూపిస్తుంటారు. 1982లో న్యూజెర్సీలోని ఇంట్లో ఈ 144 మీద ఆయన చేసుకున్నవి బృందానికి వినిపించడానికి పెట్టుకున్న నమూనాలు. బృందంతో మళ్లీ చేస్తే ఆ ఊపు రాలేదు, చివరికి క్యాసెట్టులోదే ఆల్బంగా వెలువడింది. అయితే అప్పటికే ఆయన పేరున్న పాటగాడు. యంత్రం ఆయన్ను పాటగాణ్ని చేయలేదు, చిత్తుప్రతిని వినిపించిందంతే. అంతకంటే బరువైన అభ్యంతరం మన వైపు నుంచి రావాలి. త్యాగరాజ స్వామికి ఏ ట్రాకులున్నాయి? కృతి గొంతులో పుట్టి, శిష్యుల గొంతుల్లో నిలిచింది. ఒకే రాగధార మీద నడిచే సంగీతానికి పొరలు వేసే యంత్రం అక్కర్లేదన్నది ఒప్పుకోవాల్సిందే. నా వాదన వాద్యాలు ఒకదానిమీద ఒకటి పేర్చే పాటకు మాత్రమే. సినిమా పాట అలాంటిదే. ఎ.ఆర్. రెహమాన్ 1989లో మద్రాసులోని ఇంటి ఆవరణలోనే స్టూడియో కట్టుకున్నాడు, 1992లో అక్కడి నుంచే ‘రోజా’ పాటలు వచ్చాయి.

కంప్యూటర్ వచ్చాక హెడ్ల ఎడం పోయింది కానీ ఆలస్యం పోలేదు, అది బఫర్‌లోకి, అంటే కంప్యూటర్ ధ్వనిని కాసేపు పోగుచేసుకునే చోటులోకి, మారింది. సెకనుకు 44,100 నమూనాల రికార్డింగులో బఫర్ 1024గా ఉంటే రానూ పోనూ కనీసం 46 మిల్లీసెకన్లు, 128కి దించితే ఆరు. కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఖరీదైన మైకు కంటే ముందు మైకును కంప్యూటర్‌కు కలిపే, ఆలస్యం తక్కువున్న ఇంటర్‌ఫేస్, చెవులు మూసే హెడ్‌ఫోన్లు కొనుక్కోండి. మొదటి పాటను నాలుగు ట్రాకుల్లోనే ముగించండి.